ఊరంతా కలిసి బాగుచేసిన బండి

పాలో సెకో ఊరివారికి, చుట్టుపక్కల గ్రామాల పెద్దలకు తెలియజేయడమేమనగా: నెల కిందట ఒక మంగళవారం ఉదయం ఏడు గంటలకు, లా కొతోర్రా కొండదారిలో పధ్నాలుగో మలుపు దగ్గర మా ఊరి పరువు పట్టేసింది. పరువంటే మరేమీ కాదు, బడికి రొట్టెలు మోసే నెర్కిస్ స్కూటరు ఇంజను. లోపల పిస్టను తాను ఆడే గొట్టాన్ని, అంటే బోరును, కరుచుకుని ఇక కదలనంది. ఇందులో ఊళ్ళో ఎవరి తప్పూ లేదని ఆ సాయంత్రానికే తేలిపోయింది. ఎవరి తప్పూ లేకుండా జరిగే ప్రమాదాలు మా ఊళ్ళో ఏడాదికి పదీ పన్నెండు ఉంటాయి.

ఆ బండి సంగతి చెప్పాలి. పుట్టుకతో అది యాభై సీసీల పసిగుడ్డు. జపానులో ఎవరో ముసలావిడ కూరగాయలకు వెళ్ళడానికి వాడుకుని, విసుగొచ్చి, ఓడలో మా ద్వీపానికి సాగనంపింది. అలాంటివి మా వైపు వీధికి నాలుగుంటాయి. రొట్టెల గంపలు రెండు కట్టి కొండెక్కమంటే రెండో మలుపులోనే దగ్గుతూ కూర్చునేది. అప్పుడు మేస్త్రీ ఎలీహియో దాని మీద చేయి వేశాడు. చిన్న బోరు తీసి పెద్ద బోరు దించాడు. కార్బురేటరు మార్చాడు, పొగగొట్టం మార్చాడు. చివరికి నూనె పంపు పీకి పెరట్లోకి విసిరేశాడు. పంపు తిరగడానికి కూడా ఇంజను బలమే తింటుందనీ, కొండెక్కే బండికి ఆ తిండి దండగనీ ఆయన సిద్ధాంతం.

పంపు లేదు గనక నూనెను పెట్రోల్లోనే కలిపి పోయాలి. రమ్ము సీసాడు పెట్రోలుకు దగ్గుమందు మూతతో రెండు మూతల నూనె. అంతకుమించి శాస్త్రం లేదు. నెర్కిస్ ఆ మూతకు చిల్లు పొడిచి, ఎర్రదారం కట్టి హ్యాండిలుకు వేలాడదీసింది. ఊరంతా రోజూ ఆ మూతను చూసేవాళ్ళం. పాపం, దిష్టి తగలకుండా కట్టుకుందని అనుకునేవాళ్ళం.

మార్పులయ్యాక బండికి ఎంత బలం వచ్చిందో నేను కల్పించి చెప్పను, చూసిందే చెబుతాను. ఒకరోజు తెల్లవారి ఆరింటికి దాన్ని స్టార్టు చేస్తే ఆ అదురుకు చర్చి గంట తనంతట తానే ఏడు కొట్టింది. ఆ రోజంతా ఊరు ఒక గంట ముందు నడిచింది. ఎవరికీ నష్టం రాలేదు. కోళ్ళు కాస్త తికమకపడ్డాయి, అంతే.

ఈ బలమంతా దేనికంటే, కొండమీది బడికి. అక్కడ ఎనభై ముగ్గురు పిల్లలు. పొద్దున ఏడున్నరకల్లా పిల్లకొక రొట్టె, పావుకిలో తూకం, వేడివేడిగా అందించాలి. నెర్కిస్ తల్లి చేలా పొయ్యి దగ్గర, నెర్కిస్ బండి మీద. మూడుసార్లు ఆలస్యమైనా, ఒక్కసారి లెక్క తగ్గినా ఒప్పందం రద్దు. ఆ ఒప్పందం మీదే ఆ ఇంటి పొయ్యి మండుతోంది. అది పోతే పొయ్యి ఆర్పేసి, ముప్పై రెండేళ్ళ నెర్కిస్ రాజధానికి పోయి ఎవరింట్లోనో గిన్నెలు తోముకోవాలి. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. అందరం ఆమె కోసం ప్రాణం పెట్టేవాళ్ళమే.

అసలు ప్రాణం పెట్టడం వల్లే వచ్చింది చిక్కు. మా ఊళ్ళో గిన్నె ఖాళీగా తిరిగివ్వరు. లెంటు ఉపవాస రోజుల్లో పక్కింటి నుంచి బీన్సు పాయసం వస్తే, ఆ గిన్నెలో మనం కనీసం రెండు అరటికాయలైనా పెట్టి పంపాలి. లేకపోతే ఆ ఇంటి పేరు మూడు తరాల పాటు పలకరు. అదే నియమం బండికీ వర్తిస్తుందని మా పెద్దలు ఏనాడో నిర్ణయించారు. బండి అరువు అడిగితే కాదనకూడదు. తీసుకున్నవాడు సీసాడు పెట్రోలు పోయకుండా తిరిగివ్వకూడదు.

సోమవారం మా మేయరు దోన్ ఫెర్మీన్ గారు బండి అడిగారు. గురువారం కార్పుస్ క్రిస్తీ పండుగ ఊరేగింపు దారి పరిశీలించాలి. దారి నూట యాభై గజాలు. ఆయనకు అధికారిక జీపుంది గానీ దానికి చక్రాలు మంజూరు కాలేదు. ఆయన తరువాత కొట్టు యజమాని ప్రిమితీవో మంచుగడ్డలకు తీసుకెళ్ళాడు. ఆపైన చర్చి సేవకుడు కార్మేలో పూలకు. ముగ్గురూ మర్యాదస్తులు. ముగ్గురూ తలొక సీసా స్వచ్ఛమైన, కల్తీలేని, నూనె చుక్క తగలని పెట్రోలు పోసి, బండిని గుడ్డతో తుడిచి మరీ తెచ్చిచ్చారు.

మర్నాడు పొద్దున పదమూడు మలుపుల దాకా బండి ఎన్నడూ లేనంత హుషారుగా ఎక్కిందట. నూనె లేక పోయే ఇంజను పోయేముందు అలాగే ఎగురుతుందని ఎలీహియో తరువాత చెప్పాడు. మా పాత మేయరూ అలాగే పోయారు, నాట్యం చేస్తూ. పధ్నాలుగో మలుపులో బండి ఒక్క కేక పెట్టి, వెనక చక్రం బిగుసుకుని, జారి ఆగింది. నెర్కిస్ గంపలు నెత్తికెత్తుకుని, ఒకటి అక్కడ పెట్టి ఇంకోటి మోస్తూ, ఇంకోటి పెట్టి మొదటిది మోస్తూ తొమ్మిదింటికి బడి చేరింది. ఒకటో ఆలస్యం.

సాయంత్రం ప్రిమితీవో కొట్టు ముందు డొమినోల బల్ల మీద పాత పేపరు పరిచి ఇంజను దించారు. ఊరంతా చేరాం. ఎలీహియో ముందుగా చీపురుకర్ర ఒక కొస ఇంజనుకు, రెండో కొస చెవికి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఆగిపోయిన ఇంజనులో ఏం వినపడుతుందని అడగడం మర్యాద కాదు. నెర్కిస్‌కు మర్యాద తక్కువ.

"ఏం వినపడుతోంది మేస్త్రీ?"

"ఏమీ వినపడట్లేదమ్మా. అదే భయం."

ఆయన నట్లు విప్పుతుండగా కాలక్షేపానికి మేయరుగారు ప్రసంగించారు. "ఈ బండి ఒక్క నెర్కిస్‌ది కాదు. ఇది మనందరి చెమట. నిన్న ఊరి పనిమీద దీన్ని వాడుకున్న నేను, నా సొంత ఖర్చుతో ఒక సీసా పెట్రోలు పోయించానని వినయంగా మనవి చేసుకుంటున్నాను."

చప్పట్లు కొట్టాం. ప్రిమితీవో తానూ ఒక సీసా పోశానన్నాడు. కార్మేలో రెండన్నాడు. ఆపైన బండిని ఎన్నడూ ముట్టనివాళ్ళు కూడా లేచారు. లెక్కల మేష్టారు ఒక సీసా, పాల మనిషి ఒకటి. అందరూ ఇస్తుంటే ఊరుకోవడం బాగుండదని నేనూ రెండు చెప్పాను. మొత్తం పధ్నాలుగు సీసాలు తేలాయి. నాలుగు లీటర్ల ట్యాంకులో అన్ని ఎలా పట్టాయని లెక్కల మేష్టారు కూడా అడగలేదు.

ఎలీహియో బోరు పైకి లాగాడు. పిస్టనుకు ఒక పక్కంతా పిల్లి గీరినట్టు నిలువు గీతలు. రింగు లోపలికి అతుక్కుపోయింది. ఆయన ట్యాంకులో వేలు ముంచి, వాసన చూసి, రెండు వేళ్ళ మధ్య రుద్దాడు.

"నూనె జిడ్డు లేదు. వట్టి పెట్రోలు. దీన్ని పోసినవాడే ఇంజన్ని చంపాడు. ఎవరెవరు పోశామన్నారు ఇందాక?"

బల్ల మీంచి ఒక డొమినో బిళ్ళ కిందపడింది. 

"పోయించానని కాదు," అన్నారు మేయరుగారు. "పోయించాలని సంకల్పించానన్నాను. రికార్డు చూసుకోండి."

"నేను మంచుగడ్డలు నడిచి తెచ్చుకున్నా," అన్నాడు ప్రిమితీవో.

"ఎక్కణ్ణించి నడిచావు? పన్నెండు కిలోమీటర్లు. వచ్చేసరికి నీ చేతిలో తాడు మిగిలేది," అంది నెర్కిస్. "ఖాళీగా ఇచ్చిన ట్యాంకు నాకు నిండుగా వచ్చింది. ఎవరు నింపారు?"

"దేవుడిస్తాడు తల్లీ," అన్నాడు కార్మేలో, కళ్ళు దించుకుని.

"ఇస్తే ఇచ్చాడు. రెండు మూతల నూనె కలపాలని ఆయనకు తెలీదా?"

ప్రిమితీవోకు అప్పుడు ధైర్యం వచ్చింది. "అసలు పంపు పీకింది ఎవరంట? జపానువాళ్ళు తెలివితక్కువవాళ్ళై పెట్టారా దాన్ని?"

"పంపుంటే అది కొండెక్కేదా?" అన్నాడు ఎలీహియో. "నీ కొట్లో కూర్చునే ఉండేది, నీ అప్పడాల్లాగే మెత్తబడి."

మాట పెరుగుతోందని మేయరుగారు సంధి తీర్పు చెప్పారు: నేరం కొండది. ఇంత ఎత్తు అవసరం లేని చోట ఇంత ఎత్తున ఉండటం ఏ చట్టం ప్రకారం చూసినా తప్పే. కొండను ఖండిస్తూ తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. నెర్కిస్ ఒక్కతే చెయ్యెత్తలేదు. చేతికి గ్రీజు ఉందని అందరం సర్దుకున్నాం.

బోరు బతుకుతుందన్నాడు ఎలీహియో. పిస్టనే పోయింది. అదే కొలతది రాజధాని నుంచి రావాలంటే వారం. ఊళ్ళోనే ఒకటుంది, అయితే అది పురపాలక భవనంలో అద్దాల బీరువాలో ఉంది. మూడేళ్ళ కింద స్కూటర్ల పందేనికి కప్పు కొనడానికి నిధులు చాలక, ఎలీహియో దగ్గరున్న కొత్త పిస్టనుకు బంగారు రంగు పూసి, చెక్కదిమ్మకు మేకుతో బిగించి కప్పన్నారు. గెలిచింది ఎవరో తేలక ముందే గొడవలో అందరూ పరుగెత్తడం వల్ల అది అక్కడే ఉండిపోయింది. జాతీయ దినోత్సవాలకు దానికి దండ వేస్తాం.

బుధవారం నెర్కిస్ ప్రిమితీవో కంచరగాడిద మీద గంపలు కట్టింది. ఆ జంతువు పదకొండేళ్ళుగా కొండమీది ఇళ్ళకు రమ్ము మోస్తోంది. అలవాటు ప్రకారం ప్రతి ఇంటి ముందూ ఆగి, ఎవరైనా వచ్చి సీసా అందుకుంటే తప్ప కదలనంది. ప్రతి ఇంట్లోంచీ ఒకరు బయటికి రావడం, రమ్ము లేదని తెలిసి నెర్కిస్‌ను తిట్టడం, ఇలా నలభై ఇళ్ళు గడిచాయి. రెండో ఆలస్యం. శుక్రవారం పట్నం నుంచి తనిఖీ అధికారిణి వస్తోందని బడి పంతులమ్మ చెప్పి పంపింది. మధ్యలో గురువారం పండుగ సెలవు. ఉన్నది ఒక్క రోజు.

"బాబాయ్, ఆ బీరువా తాళం ఇయ్యి చాలు," అని నెర్కిస్ మేయరుగారి ఇంటికే వెళ్ళి అడిగింది. "పని ఎలీహియోది, అరపూట. నీకు కొత్త పిస్టను నేను తెప్పించి పెడతా, బంగారం రంగు కూడా నేనే పూస్తా."

"తాళం నా జేబులోనే ఉంది తల్లీ," అన్నారాయన ప్రేమగా. "కానీ ఈ జేబు నాది కాదు, ప్రజలది."

కప్పు ఇవ్వాలంటే క్రీడాసంఘం తీర్మానం కావాలి. సంఘంలో ఏడుగురు సభ్యులు. నలుగురు రావాలి. ఇద్దరు పండుగకు అత్తవారిళ్ళకు వెళ్ళారు, ఇద్దరు చనిపోయారు. చనిపోయిన ఇద్దరూ ప్రతి ఎన్నికలకూ క్రమం తప్పకుండా వచ్చి ఓటు వేసి వెళ్ళేవారే గనక, ఈసారీ వచ్చినట్టే రాసుకుని కోరం పూర్తిచేశారు. వారి సేవాభావాన్ని అధ్యక్షులు కొనియాడారు.

గురువారం ఊరేగింపు అయ్యాక పిస్టను ప్రదానోత్సవం జరిగింది. బ్యాండు వాయించారు. మేయరుగారు నలభై నిమిషాలు మాట్లాడారు. ఆయన వెనక తల్లీకూతుళ్ళిద్దరూ నిలబడి ఉన్నారు, చేలా చేతిలో రంగు వదిలించే థిన్నరు డబ్బా, నెర్కిస్ చేతిలో గుడ్డ. ప్రసంగం అవగానే పిస్టను లాక్కుని పరుగెత్తారు. ధన్యవాదాలు చెప్పలేదని కొందరికి బాధ కలిగింది.

నెర్కిస్ బంగారాన్ని గీకి తుడిచింది. బోరుకు అంటుకున్న లోహపు మరకలను ఎలీహియో పాయిఖానా కడిగే యాసిడ్‌తో కరిగించి, సన్న గరుకు కాగితంతో అడ్డంగా రుద్ది, కిరసనాయిలుతో కడిగాడు. రింగులు తొడిగి, నూనె రాసి, బోరు దించి, నట్లు బిగించాడు. ట్యాంకులోది ఒంపేసి, నెర్కిస్ తన చేత్తో పెట్రోలు కొలిచి, తన చేత్తో రెండు మూతలు కలిపింది. పొద్దు వాలే వేళకు బండి దగ్గి, ఉమ్మి, పాడటం మొదలుపెట్టింది. చేలా ఏప్రాన్‌తో కళ్ళు తుడుచుకుంది. 

"కొత్త పిస్టను కొత్త కోడలు లాంటిది," అన్నాడు ఎలీహియో. "మొదటిరోజే బరువులెత్తమనకూడదు. యాక్సిలరేటరు సగం దాటనీకు. శబ్దం మారితే వెంటనే ఆపు. నిటారు మలుపుల్లో వెనక నుంచి ఇద్దరు ముగ్గురు తోస్తే చాలు, ఎక్కేస్తావు."

ఇద్దరు ముగ్గురన్నాడు. మేము అరవైమందిమి వెళ్ళాం.

శుక్రవారం నాలుగున్నరకు బయల్దేరాం. ముందు మేయరుగారు, జెండా. తరువాత నెర్కిస్. వెనక సీటు మీద రెండు గంపలు, తెల్లగుడ్డ కప్పి. ఆ వెనక ఊరు. బండి ఎంత మెల్లగా వెళ్ళిందంటే, మూడో మలుపులో ఒక తాబేలు మాకు దారిచ్చి, మళ్ళీ దాటుకుని పోయింది. నెర్కిస్ మాతో మాట్లాడలేదు, వెనక్కి చూడలేదు. మెడ ముందుకు వంచి, రెండు చెవులూ ఇంజనుకే అప్పగించింది. ఆ దారిలో వెనక్కి చూసేవాడు లోయలోకి చూసుకున్నట్టే.

నాలుగో మలుపులో మొదటిసారి తోశాం. మేయరుగారు చెయ్యి ఆనించారు. ఆనించిన చేతికి గుడ్డ కింద వెచ్చగా తగిలింది.

"తోసేవాడికి ఊపిరి కావాలి," అన్నారు, ఒకటి తీసుకుని. "ఒక్కటే."

నిజమే. కాఫీ కూడా తాగకుండా వచ్చాం. చేలా చేసే రొట్టె పైన కరకరమంటుంది, లోపల దూది. తోసిన ప్రతివాడూ ఒక్కటి తీసుకున్నాడు. రెండోది ముట్టుకోవడానికి మేమేమీ దొంగలం కాము. ఒక్కటితో ఎనభై ముగ్గురికి ఏం తగ్గుతుంది, ఎనభై రెండు ఉంటాయి కదా అని ఎవరి లెక్క వాళ్ళు సరిగ్గానే వేసుకున్నారు. తోయనివాళ్ళు తమకు అన్యాయం జరుగుతోందని గొణిగితే, న్యాయం కోసం వాళ్ళకూ ఒక మలుపు కేటాయించాం.

తొమ్మిదో మలుపు దాటాక అద్భుతం జరిగింది. బండి పుంజుకుంది. అంతదాకా మూలిగిన ఇంజను గొంతు విప్పింది.

"విన్నారా," అన్నాడు ఎలీహియో, నోటినిండా రొట్టెతో. "రింగులు కూర్చుంటున్నాయి."

పన్నెండో మలుపులో తోయాల్సిన అవసరమే లేకపోయింది. పధ్నాలుగో మలుపు, బండి చచ్చిన చోటు, నవ్వుతూ ఎక్కేసింది. మా మేస్త్రీ పనితనానికి జేజేలు కొట్టాం. ముందు నుంచి నెర్కిస్ మొదటిసారి నోరు విప్పింది.

"మేస్త్రీ, బరువే తెలియట్లేదు," అంది, ఆ గొంతులో సంతోషం నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

ఏడూ ఇరవైకి బడి చేరాం, పది నిమిషాల ముందు. ఎనభై ముగ్గురూ వరసగా నిలబడి ఉన్నారు, చేతుల్లో పాలగ్లాసులు. తనిఖీ అధికారిణి ఉబాల్దీనా గారు గడియారం చూసి, పుస్తకంలో 'సకాలం' అని రాసుకున్నారు. మేయరుగారు దారి పొడుగునా ఊరు చూపిన ఐకమత్యం గురించి రెండు ముక్కలు చెప్పారు. మేం చప్పట్లు కొడుతుండగా, అధికారిణి గుడ్డ ఎత్తారు.

ఇరవై రెండు.

నెర్కిస్ రెండో గంప తీసి చూసింది. గుడ్డ దులిపింది. మళ్ళీ లెక్కపెట్టింది. తరువాత మా వైపు తిరిగి, ఒక్కొక్కరి మీసాలూ, గడ్డాలూ, చొక్కాల మీది రొట్టెపొడీ చూసుకుంటూ వచ్చింది.  అందరికంటే ముందు మేయరుగారే అన్నారు:

"ఒక్కటే కదా తల్లీ."

ఒక్కటే అన్నాడు ప్రిమితీవో. ఒక్కటే అన్నాడు కార్మేలో. ఒక్కటే, ఒక్కటే అని అరవైమందిమీ ప్రమాణపూర్వకంగా చెప్పాం. మాలో ఒక్కడూ అబద్ధమాడినట్టు కనిపించలేదు.

పంతులమ్మ కత్తి తెచ్చి ఒక్కో రొట్టెను నాలుగు ముక్కలు కోసింది. ఎనభై ఎనిమిది ముక్కలయ్యాయి. పిల్లలకు పోగా ఐదు మిగిలాయి. అతిథులను వట్టి చేతులతో పంపకూడదు గనక ఆ ఐదూ పళ్ళెంలో పెట్టి మేయరుగారి ముందుంచింది. ఆయన కాదనలేదు. కాదంటే పిల్లల మనసు నొచ్చుకునేది.

అధికారిణి గారు 'సకాలం' పక్కన 'అరవై ఒకటి తక్కువ' అని రాసి, సంతకం పెట్టి, నెర్కిస్ చేత పెట్టించారు. ఒప్పందం రద్దయింది. ఇప్పుడు పట్నం నుంచి వ్యానులో ప్లాస్టిక్ సంచుల్లో రొట్టెలు వస్తున్నాయి. అవి గోడకు కొడితే గోడ రాలుతోందని పిల్లలు అంటారు. చేలా పొయ్యిలో పిల్లి ఈనింది. నెర్కిస్ సోమవారం బస్సుకు రాజధాని వెళ్ళిపోయింది. ఊరంతా వెళ్ళి సాగనంపాం. మేయరుగారు మాట్లాడారు.

అయితే న్యాయం దగ్గర మా ఊరు రాజీపడదు. వెళ్ళింది అరవైమంది, తగ్గింది అరవై ఒకటి. అంటే మాలో ఎవడో సిగ్గూ శరమూ లేనివాడు రెండు తిన్నాడు. ఇంత నీచానికి ఒడిగట్టినవాణ్ణి పట్టుకోవడానికి వెంటనే విచారణ సంఘం వేశాం. అందులో నేనూ సభ్యుణ్ణి. నెల రోజులుగా కూర్చుంటున్నాం, నలుగురి మీద గట్టి అనుమానముంది, ఊళ్ళో ఇంకో మాట లేదు. మీరు కూడా ఇందాకటి నుంచి పిల్లల సంగతి వదిలేసి, ఆ రెండో రొట్టె ఎవరు తిన్నారా అనే ఆలోచిస్తున్నారు. నాకు తెలుసు. సంఘంలో ఒక కుర్చీ ఖాళీగానే ఉంది, వచ్చి కూర్చోండి.